పేరు దొరకని తల్లికి ఒక గడి

మా పై అంతస్తు ఆంటీ ఇక లేరు. కాలేజీ నుంచి వస్తుంటే సింగపూర్ టోవా పాయోలో మా లిఫ్టు దగ్గర అంకుల్ చెప్పారు. “పొద్దున పోయిందమ్మా మీ ఆంటీ.”

వాళ్ల హాల్లో గోడ పొడవునా ఒక వంశవృక్షం ఉంటుంది. అందులో తెలుగువాళ్లెవరూ లేరు. అందరూ వందల ఏళ్ల కిందటి స్కాట్లండ్ ప్రభువులు, వాళ్ల భార్యాబిడ్డలు. అంకుల్ చాంగీలో కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్లగానే ఆంటీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి కూతురు ఎవరింటి కోడలైందో వెతికేవారు.

“వీళ్లే ఎందుకాంటీ?” అంటే, “మనవాళ్ల పెళ్లిళ్ల గురించి మాట్లాడితే తగువులే. వీళ్లు తగువుకి రారు” అని నవ్వేవారు. వియ్యంకుడు, షడ్డకుడు, తోడికోడలు లాంటి మాటలు నాకు ఆ గోడ దగ్గరే వచ్చాయి.

స్కాట్లండ్ వంశాల పరిశోధకుల ఈమెయిల్ బృందం ఒకటుంది. సింగపూర్ గృహిణికి మా వంశాలేం తెలుసని ఒకసారి అందులో ఒక పెద్దాయన రాశాడు. జవాబుగా ఒక కొమ్మ మొత్తం ఆ సాయంత్రమే పంపుతానని ఆంటీ మాటిచ్చేశారు. నేను పేర్లు సరిచూస్తూ ఒకచోట ఆగిపోయాను.

“ఆంటీ, ఈ అమ్మాయికి మొగుడిగా రాసినాయన ఆమెకు మేనమామ కదా?”

“అయితే ఏంటే? మీ అంకుల్ నాకు మేనమామే!”

“అక్కడ చర్చి ఒప్పుకోదు కదాంటీ. దూరపు బంధువులు చేసుకోవాలన్నా అనుమతి కావాలని మీరేగా చెప్పారు.”

ఆంటీ నవ్వు ఆగిపోయింది. కాగితాలన్నీ మళ్లీ తిరగేశారు. ఆ పెళ్లికి ఎక్కడా ఆధారం లేదు. మన అలవాటు చొప్పున ఆవిడే కలిపేశారు.

అప్పుడే ఇంటికొచ్చిన అంకుల్ సింగపూర్ యాసలో, “పంపెయ్ లా, ఎవరు చూస్తారు?” అన్నారు.

“చచ్చినవాళ్లు కాదనలేరని మనిష్టం వచ్చినట్టు పెళ్లిళ్లు చేస్తామా?”

ఆంటీ, భార్యగా రాసిన ఆ అమ్మాయి పేరు చెరిపేసి, పిల్లల పైన తల్లి చోట ఖాళీ గడి గీశారు. “హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకునేలోపు ఎవరూ కూర్చోకుండా టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్ చేస్తాం చూడు, అలాగే ఇది. మనిషైతే ఉంది. పేరు దొరికాక వచ్చి కూర్చుంటుంది.”

ఆ పెళ్లిని మొదట తనే పొరపాటుగా కలిపానని రాసి, కొమ్మతో పాటు పంపారు. ముగ్గురం తెరవైపే చూస్తూ కూర్చున్నాం. టీలు చల్లారిపోయాయి. చివరికి ఆ పెద్దాయన నుంచే ఒక్క వాక్యం వచ్చింది. “మిగతా కొమ్మలు ఎప్పుడు పంపిస్తారు?”

ఆంటీ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

నిన్న ఆంటీ, నేను ఎప్పుడూ కూర్చునే హాకర్ సెంటర్ బల్ల దగ్గరికి వెళ్లి, ఎదుటి కుర్చీ ముందు టిష్యూ ప్యాకెట్ పెట్టాను. మధ్యాహ్నం జనం పళ్లేలు పట్టుకుని చోటు వెతుక్కుంటూ వచ్చారు. ప్యాకెట్ చూసి పక్కకు తప్పుకున్నారు. నా టీ అయ్యేదాకా అక్కడ ఎవరూ కూర్చోలేదు.