సుగుణమ్మ టీచరు పరీక్ష క్యాసెట్టు

దయ్యాల మీద మొన్న వేసవి దాకా నా అభిప్రాయం ఒక్కటే. పల్నాడు ఎండకి మనుషులే నిలబడలేరు, ఒళ్లే లేని దయ్యాలేం నిలబడతాయి? ఇప్పటికీ వాటిని నమ్మను. నమ్మితేనే నయం, తప్పు వాటి మీదికి తోసేసేవాణ్ణి.

నరసరావుపేటలో ఒక పాత సాహిత్య సభ ఉంది. ఒకప్పుడు పద్యపఠన పరీక్షలు పెట్టేది, ప్రదర్శనలు జరిపేది. తలుపేసిన గదిలో పరీక్షకుడి ముందు పద్యం చదవాలి. అదంతా క్యాసెట్టులో రికార్డు చేసేవాళ్లు. ఆ క్యాసెట్లు, ప్రదర్శనల ఫోటోలు ట్రంకు పెట్టెల్లో మగ్గుతుంటే, కంప్యూటరులోకి ఎక్కించే పని నాకిచ్చారు. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నాను కాబట్టి నిపుణుణ్ణి అన్నారు.

ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చుని ఒక క్యాసెట్టు పెట్టాను. ఎవరో అమ్మాయి గొంతు. పద్యం బాగానే ఎత్తుకుంది. చివర రాగం తీయబోయేసరికి, పాత స్కూటరు కిక్కు కొట్టినట్టు గొంతు గరగరమంది. నాకు నవ్వాగలేదు.

నా నవ్వు మా వీధివాళ్లంతా ఎరుగుదురు. ముందు ముక్కులో గుర్రుమంటుంది, తర్వాత ఎక్కిళ్లలా సాగుతుంది. ఎవరైనా పోతే పలకరింపుకి నన్ను తీసుకెళ్లరు.

క్యాసెట్టులో ఆ అమ్మాయి టక్కున ఆగిపోయింది. "ఎవరయ్యా అది, నవ్వేది?" అని పరీక్షకుడు గద్దించాడు. "నేనేనండీ" అన్నాను సరదాకి. భలే కుదిరిందిలే అనుకుని ఇంకో క్యాసెట్టు పెట్టుకున్నాను.

కొన్నాళ్లకి రొంపిచెర్ల నుంచి సుగుణమ్మ గారని ఒక రిటైరైన టీచరు వచ్చారు. సభ కార్యదర్శి మాస్టారి ముందు కూర్చుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని చెప్పారు.

"నా పరీక్ష క్యాసెట్టు వినిపియ్యండి మాస్టారూ. ఎవరో నవ్వబట్టే నేను ఆగిపోయింది. పరీక్ష పెట్టినాయన తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. తర్వాత కాకి అయ్యుంటదిలే అని ఫెయిల్ చేశాడు. ఇంక చర్చిలో పాట కూడా పాడలా నేను. మా ఆయన పొయ్యేదాకా అదే మాట. 'నీకు రాక ఆగి, నవ్వు మీదికి నెడతన్నావే' అని."

"మూసిన గదిలో ఎవరు నవ్వుతారమ్మా?"

"అదేగా నేనూ అడిగేది!"

వెతికి పెట్టాను. అదే గొంతు, అదే పద్యం. ఈసారి పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాను. గొంతు గరగరమంది. వెంటనే స్పీకర్లోంచి నవ్వొచ్చింది. ముందు ముక్కులో గుర్రు, తర్వాత ఎక్కిళ్లు. ఆ తర్వాత పరీక్షకుడి గద్దింపు.

"విన్నారా! నేను అబద్ధం చెప్పలా, విన్నారుగా!" టీచరు గారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. ఆమె బుగ్గల మీద కన్నీళ్లు. నేను వైర్లు చూసే వంకతో టేబులు కిందికి దూరాను.

కారణం వెతక్కపోలేదు. ఆ టేప్‌రికార్డరుకి మైకు లేదు, రికార్డు బటను ఎప్పుడో ఊడిపోయింది. క్యాసెట్టు మీద మళ్లీ రికార్డు కాకుండా వెనక ముక్క విరిచేసి ఉంది. పైగా ఆ పరీక్షనాటికి మా అమ్మకి పెళ్లే కాలేదు.

తర్వాత సభవాళ్లు పాత రికార్డింగులతో పెట్టిన ప్రదర్శనలో ఆ క్యాసెట్టు అందరికీ వినిపించారు. టీచరు గారు తన చర్చి వాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చారు. నవ్వు వినపడగానే, "ఎవడాడు, సిగ్గులేనోడు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పక్కనే ఉన్న మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఇది నీ నవ్వేరా," అంది మెల్లగా.

ఇంకెప్పుడైనా అయితే ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. తల దించుకున్నాను.

అప్పుడు టీచరు గారు లేచి, ఆగిపోయిన పద్యం అందుకున్నారు. సరిగ్గా అక్కడే గొంతు మళ్లీ గరగరమంది. నాకు నవ్వు రాలేదు. అయినా చేత్తో నోరు మూసుకున్నాను. ఆమె ఆగలేదు, పద్యం పూర్తి చేశారు.

పోతూ పోతూ నా దగ్గరికొచ్చి తల నిమిరారు. "నా మాట నిలబెట్టావు నాయనా. ఆ నవ్వినోడెవడో ఎప్పుడన్నా తెలిస్తే నాకు చెప్పు."

"అట్టాగే టీచర్," అన్నాను.

ఇంతవరకూ చెప్పలేదు. ఆ నవ్వు అక్కడికెలా చేరిందో నాకే అంతుపట్టలేదు, ఆమెకేమని చెప్పను?