జోజిబాబు పది వేళ్లు

జోజిబాబు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. సమ్మె గెలిచిందని యూనియన్ వాళ్లు కరపత్రం వేశారు. అందులో చాలామంది పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. అందుకని రాస్తున్నాను.

నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే దారిలో మామిడి తోటల మధ్య ఒక యూనివర్సిటీ ఉంది. దాని అసలు పేరు బోర్డు మీద రెండు వరుసలుంటుంది. మేమంతా మెట్ట యూనివర్సిటీ అంటాం. నేను అక్కడ కెమిస్ట్రీలో చేరి రెండో ఏడు మధ్యలో మానేశాను. ఆ కొద్దికాలంలో నాకు పనికొచ్చే ముక్క నేర్పిన మనిషి ఒక్కడే. ఆయన లెక్చరర్ కాదు, ల్యాబ్ అటెండర్.

మనిషి సన్నగా, కాస్త వంగి ఉండేవాడు. ఏ బ్యూరెట్ కారుతుందో, ఏ తరాజు ఎంత తప్పు చూపిస్తుందో ఆయనకే తెలుసు. లెక్చరర్లు మారేవారు, ఆయన మారేవాడు కాదు. పిల్లలందరికీ బాబాయే. గ్లవ్స్ లేకుండా యాసిడ్ సీసా ముట్టుకున్నామా, ఇక అయిపోయామే.

"ఏవండీ సైంటిస్టు గారూ, తోలు పోతే స్టోర్సులో ఇండెంట్ పెట్టుకుంటారా? అది మా దగ్గర స్టాకుండదు."

పరీక్ష రోజు నాకు ఏ సాల్ట్ వచ్చిందో చెప్పమని బతిమాలాను. సీసాలకు నంబర్లు అంటించింది ఆయనే. నా మొహం చూసి, "టెస్టు చేస్తే అదే చెప్తదిరా, నన్నెందుకు అడుగుతావ్" అని వెళ్లిపోయాడు. నేను ఫెయిలయ్యాను. ఆ కోపం చాన్నాళ్లు ఉండేది.

ఆ ల్యాబ్‌లో ఆయన ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. మొదట రోజుకూలీ, తర్వాత కాంట్రాక్టు, ఆ తర్వాత ఏజెన్సీ మనిషి. గది అదే, తాళాలు అవే, పనీ అదే. కాగితం మారినప్పుడల్లా సర్వీసు మాత్రం మళ్లీ ఒకటో ఏడు నుంచి మొదలు. కాగితాల ప్రకారం ఆయన వచ్చి నాలుగేళ్లే. వయసేమో యాభై ఏడు. పాత ఏళ్లన్నీ కలిపితే అరవై దాటాక పెన్షనంటూ ఒకటి వస్తుంది. కలపకపోతే ఏమీ రాదు. ఆయన అడిగింది అంతే, ఆ ఏళ్లు కలపమని.

సమ్మె మార్చి పందొమ్మిదిన మొదలైంది. ఆ రోజు జోజప్ప గారి పండగ, ఆయన పేరుగల క్యాథలిక్ పునీతుడిది. పొద్దున్నే గుడిలో పూజ చూసుకుని, ఇస్త్రీ చొక్కాతో నేరుగా గేటు ముందు టెంటుకు వచ్చాడు. నూటపది మంది. నాలుగు నెలల జీతం ఆగిపోయింది. పైగా నలభై మందిని తీసేస్తారని లిస్టు తయారవుతోందని పుకారు. యూనియన్ సెక్రటరీ కిషోర్ బాబు అందరినీ చుట్టూ నిలబెట్టి, చేతులు ఒకదాని మీద ఒకటి వేయించి ప్రమాణం చేయించాడు. ఒక్కరిని వదిలి ఇంకొకరు లోపలికి వెళ్లకూడదు. అందరి చేతుల కింద, అన్నిటికంటే అడుగున ఉన్నది జోజిబాబు చెయ్యి. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

ఏప్రిల్ వచ్చేసరికి టెంటు పలచబడింది. ఇంట్లో ఇంకొకరి జీతం ఉన్నవాళ్లు, కాస్త పొలం ఉన్నవాళ్లు కుర్చీల్లో కూర్చోగలిగారు. మిగతావాళ్లకు ఇల్లు గడవాలి. మామిడి కోతలు మొదలయ్యాయి. ఈ ప్రాంతంలో ఆ రెండు నెలలు పని అడిగినవాడికి లేదనరు.

"పొద్దున వచ్చి టెంట్లో సంతకం పెట్టి పోండి. మధ్యాహ్నం ఎక్కడున్నారని నేను అడగను" అన్నాడు కిషోర్ బాబు. ఆ మాటలో తప్పు లేదు.

జోజిబాబును మామిడి పనికి తీసుకెళ్లింది నేను. అప్పటికి నేను రామకృష్ణ గారి షెడ్డులో లారీలకు ట్రేలు ఎక్కిస్తున్నాను. మామిడి వ్యాపారం వాళ్ల తాతల నాటిది. కాయలు తోటనుంచి తొడిమతోనే వస్తాయి. ఆ తొడిమ తుంచి, సొన కారిపోయేదాకా కాయను బోర్లా పెట్టాలి. ఆ సొన కాయకు అంటితే మచ్చ పడుతుంది, మచ్చ పడితే ఢిల్లీలో ధర పడిపోతుంది. అందుకని కాయను జాగ్రత్తగా చూస్తారు. తుంచేవాడి చేతుల సంగతి ఎవరూ చూడరు.

మొదటి రోజు జోజిబాబు గుమాస్తా ప్రసాద్ దగ్గరికెళ్లి, "గ్లవ్స్ ఏవన్నా ఉన్నాయాండీ?" అన్నాడు.

ప్రసాద్ కలం చెవిలో పెట్టుకుని ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "ఆపరేషన్ చేస్తారా డాక్టరు గారూ?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. జోజిబాబు కూడా కొంచెం నవ్వి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు.

నాలుగు రోజులకు చూపుడువేళ్లు, బొటనవేళ్లు నల్లబడ్డాయి. వారానికి అన్ని వేళ్లూ పొక్కి తోలు ఊడింది. ఊడినచోట లేత ఎర్రటి తోలు, దాని మీద మళ్లీ సొన. ఆయన భార్య సుసన్నా పిన్ని రాత్రిళ్లు కొబ్బరినూనె రాసేదట. నేను ఒకరోజు అడిగితే చేతులు ముందుకు చాపి చూపించాడు.

"ఇరవై ఆరేళ్లు సల్ఫ్యూరిక్ యాసిడ్ పక్కన బతికాన్రా. ఒక్క మచ్చ లేదు. చూడు, రసం మామిడికాయ ఏం చేసిందో."

ఆ చేతుల్ని నేను చూశాను. వేలి కొసలు గీతల్లేకుండా నున్నగా ఉన్నాయని కూడా చూశాను. అదొక ముప్పని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఎందుకు తోస్తుంది? మెట్ట యూనివర్సిటీలో హాజరు అంటే రిజిస్టరులో సంతకమే.

మే మూడో వారంలో ఒప్పందం కుదిరింది. సమ్మె మొదలై అప్పటికి రెండు నెలలు. పాత సర్వీసు కలుపుతారు. జీతం బకాయి రెండు విడతల్లో ఇస్తారు. ఎవరినీ తీసెయ్యరు. టెంటు ముందు టపాకాయలు కాల్చారు. కొత్త ఏజెన్సీ వస్తుంది, గురువారం సాయంత్రం అయిదు లోపు అందరూ దాని మిషన్లో వేలిముద్ర వేసి చేరాలి. చేరనివాళ్లు తమంతట తామే మానేసినట్టు. ఒప్పందం కాగితంలో ఈ ముక్క చివర ఉంది. కిషోర్ బాబు దాన్ని చదివే సంతకం పెట్టాడు. అందులో కుట్ర ఉందని అతనికి అనిపించలేదు. వేలు అందరికీ ఉంటుంది కదా.

గురువారం జోజిబాబు మళ్లీ ఆ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ల్యాబ్ తాళాల గుత్తి జేబులో ఉంది. సమ్మె రోజుల్లో కూడా దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. నా బండి మీద వచ్చాడు.

ఏజెన్సీ సూపర్‌వైజర్ పేరు ఉదయ్. నా ఈడువాడే. గేటు పక్కన బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన అగ్గిపెట్టెంత మిషన్. జోజిబాబు వంతు పదకొండున్నరకు వచ్చింది. కుడి బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు.

"తుడుచుకుని పెట్టండంకుల్."

తుడుచుకుని పెట్టాడు. ఎర్రలైటు. ఎడమది పెట్టాడు. చూపుడువేళ్లు పెట్టాడు. ఉదయ్ ఆయన చెయ్యి తిప్పి చూసి, "ఏంటంకుల్, ముద్రల్లేవేంటి?" అన్నాడు. అవమానించాలని కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మామిడి పనికెళ్లానండి."

"మరి ఇంటికెళ్లి నూనె రాసుకుని రండి. అయిదు దాకా ఉంటాను."

ఆయన ఇంటికి వెళ్లలేదు. కొళాయి దగ్గర సబ్బుతో కడిగాడు. రేషన్ షాపులో ముసలివాళ్లు చేసినట్టు వేళ్లను నుదుటి మీద, తల నూనెలో రుద్దుకున్నాడు. ఎవరో నిమ్మచెక్క తెచ్చారు. పచ్చితోలు మీద నిమ్మరసం పడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మూడుసార్లు వరసలో నిలబడ్డాడు. మధ్యవేళ్లు, ఉంగరం వేళ్లు. కుడి చిటికెనవేలు పెట్టినప్పుడు పసుపు లైటు వచ్చింది. ఉదయ్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"కదపకండి. గట్టిగా నొక్కండి."

నొక్కాడు. ఎర్రలైటు. ఎడమ చిటికెనవేలికి ఆ పసుపు కూడా రాలేదు. పదీ అయిపోయాయి.

"ముఖంతో పడదా?" అన్నాన్నేను.

"మాకిచ్చిన సాఫ్ట్‌వేర్లో వేలొక్కటే ఉంది బ్రో."

"ఆధార్‌లో వేలిముద్రలు మార్పించుకొస్తే?"

"రాయించుకున్నాక నెల పడుతుంది. లిస్టు ఇవాళ క్లోజ్."

"ఆయన్ని ఇక్కడ అందరూ ఎరుగుదురు. రిజిస్ట్రారు గారి పిల్లాడిక్కూడా ల్యాబ్ చేయించాడు."

"నేనెరిగితే సరిపోదు కదా. మిషన్ ఎరగాలి."

జోజిబాబు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి ల్యాబువండి. లోపల వెనక రాక్‌లో పాత ఈథర్ సీసాలున్నాయి, ఈ ఎండలకి పేలకుండా కాస్త చూసుకోవాలి. ఏ తాళం దేనిదో ఇంకెవరికీ తెలవదు. నేను రోజూ వచ్చి తీస్తాను, జీతం తర్వాత చూసుకుందాం. పేరొక్కటి రాయండి."

ఉదయ్ తాళాల వైపు చూశాడు, ముట్టుకోలేదు. "పేరు రాసే గడి లేదంకుల్. వేలు పడితే పేరు అదే వస్తుంది."

కిషోర్ బాబు చెట్టు కింద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను వెళ్లి లాక్కొచ్చినంత పని చేశాను. అప్పటికి నాలుగూ యాభై. ఇంకా ఇరవై మంది వరసలో ఉన్నారు. వేళ్లు పడనివాళ్లు జోజిబాబుతో కలిపి పన్నెండు మంది. పన్నెండుగురూ మామిడి పనికి వెళ్లినవాళ్లే. టెంట్లో కూర్చోగలిగినవాళ్లందరికీ పచ్చలైటు వచ్చింది.

"అందరినీ బయటికి పిలువు. వీళ్లకి పడేదాకా ఎవరూ చేరొద్దని చెప్పు. ప్రమాణం చేయించావు కదా" అన్నాను.

కిషోర్ బాబు వరస వైపు చూశాడు. ఆ మాట ఇప్పుడంటే ఎవరు వింటారో, ఎవరు వినరో లెక్కేసుకుంటున్నాడు. అప్పటికే అతని వేలు పడింది. జోజిబాబు వైపు తిరిగాడు. "రేపు వీసీ గారితో మాట్లాడతాను బాబాయ్. లోపలికెళ్లి పోరాడదాం. ఇప్పుడాపితే మొత్తం చెడిపోద్ది."

 జోజిబాబు ఇంకా బల్ల ముందే ఉన్నాడు. వరసలో వెనకనుంచి, సమ్మె మొదటి రోజుల్లో ఆయన పక్కనే టెంట్లో కూర్చున్న స్వీపర్ బుజ్జమ్మ మెల్లగా అంది. "కాస్త జరగండి అన్నయ్యా. అయిదవుతంది."

ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. అయినా ఆ మాట అంది. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. జోజిబాబు జరిగాడు.

అయిదుకు ఉదయ్ మిషన్ వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. నలభై మందిని తీసేస్తే గొడవ అవుతుందని భయపడ్డవాళ్లకు పన్నెండు మంది గొడవ లేకుండా పోయారు.

కిషోర్ బాబు మర్నాడు మాట్లాడాడు. ఆ పై వారమూ మాట్లాడాడు. తమంతట తామే మానేసినవాళ్ల విషయంలో యూనివర్సిటీ చేయగలిగిందేమీ లేదని ఒక కాగితం వచ్చింది. తాళాలు ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు. కొన్నాళ్లకు ల్యాబ్‌కు కొత్త తాళం వేశారట.

ఆ తర్వాత జోజిబాబు మామిడి ముట్టుకోలేదు. ముట్టుకుందామన్నా సీజన్ అయిపోయింది. మొన్న జూన్ పద్నాలుగున సుసన్నా పిన్నికి మోకాళ్లు పట్టేసి, రేషన్‌కు ఆయన్ని పంపింది. నేను కూడా బియ్యానికే వెళ్లాను. ఆయన నా ముందున్నాడు. "పడదేమో నాయనా" అని డీలరుతో ముందే చెప్పి, కుడి బొటనవేలు పెట్టాడు.

మొదటిసారే పడింది. మిషన్ ఆయన పేరు పైకి చదివింది. ఇంటిపేరుతో సహా.

డీలరు తూకం వెయ్యబోతున్నాడు. జోజిబాబు మిషన్ దగ్గరనుంచి కదల్లేదు. వేలు తిప్పి చూసుకున్నాడు. గీతలన్నీ తిరిగొచ్చాయి, సన్నగా, కొత్తగా.

"ఇంకోసారి పెట్టనా?" అన్నాడు.

"ఒక్కసారి చాలు బాబాయ్. సంచి పట్టండి" అన్నాడు డీలరు.