నీళ్లు తాగిన బండి

సూరత్‌ల ఖాడీ వాగు నీళ్లు మా గల్లీలకు వచ్చినయంటే మేము మొదలు బియ్యం డబ్బాను మంచం ఎక్కిస్తం, ఆ తర్వాత మనుషులం ఎక్కుతం. ఆ యేడు గూడ గట్లనే ఎక్కి కూసున్నం. కని బండిని ఏ మంచం ఎక్కియ్యాలె? వాకిట్ల నిలవడ్డది పాపం. మా ఆయన కిటికీ కాడ కూసోని, నీళ్లు చక్రాలను మింగుడు చూసుకుంట, బువ్వ పెట్టినా తినలే.

అది ఉత్త బండి కాదు మరి. మా ఆయన పెండ్లి కాకముందు నుంచి బట్టలు నేసే సాంచాలు నడిపిండు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయినయ్. ఇగ సాంచాల షెడ్డు ముఖం చూడొద్దని డాక్టర్ గట్టిగ చెప్పిండు. గందుకే పాత వ్యాన్ ఒకటి కొని, కోసాడ్ కాలనీ పిల్లలను బడికి తోలుతుండు. ఇంజన్ పోయిందంటే మళ్ల షెడ్డే.

నీళ్లు తీసినయ్, బురద మిగిలింది. గల్లీల మగోళ్లంత బండి ముంగట జమైన్రు. పక్కింటాయన గూడ సాంచాలాయనే, ఆగుతడా? "అన్నా, ఒక్క సెల్ఫ్ కొట్టు, తెల్సిపోతది" అన్నడు. మా ఆయన తాళంచెవి పెట్టవోయిండు. అప్పుడే నేను బండ్లు బాగుచేసే మిస్త్రీకి ఫోన్ కలిపిన. ఫోన్లనే ఆయన ఒర్లిండు: "తాళం ముట్టొద్దు! లోపల నీళ్లుంటే రాడ్లు వంగుతయ్, బతికిన ఇంజన్ గూడ చస్తది!"

నేను తాళంచెవి గుంజుకొని కొంగుకు ముడేసుకున్న.

"ఏమే, బండి నాదా నీదా?" అన్నడు మా ఆయన.

"బండి నీదే. తాళం నాది" అన్న.

పగటీలి మిస్త్రీ వచ్చిండు. గుజరాతీ మనిషి, మాతోని హిందీల మాట్లాడుతడు. నేను మన మాటల్నే చెప్తున్న. మొదలు తలుపు తెరిచి, బురద గీత ఎంతవరకున్నదో చూసిండు. "సీటు దాక రాలే, కింద పరిచిన పట్టాలే మునిగినయ్" అన్నడు. బానెట్ లేపి ఇంజన్‌కు గాలి పోయే జాలి తీస్తే అది పొడిగనే ఉన్నది, ఒక బొద్దింక మాత్రం మమ్ములను చూసి ఉరికింది. తర్వాత ఆయిల్ చూసే పుల్ల గుంజిండు. "నీళ్లు కలిస్తే ఆయిల్ చాయ్ లెక్క తెల్లబడతది" అని చెప్పి, వేలుకు రాసి చూపెట్టిండు. నల్లగనే ఉన్నది.

పక్కింటాయన ఆ పుల్లను ముక్కు దగ్గరికి తెచ్చుకొని, "నాకైతే చాయ్ లెక్కనే కొడుతుంది" అన్నడు.

"నీకు చాయ్ కావాలె, గందుకే" అన్నడు మిస్త్రీ. నేను లోపలికి పోయి చాయ్ పెట్టిన.

నేను వచ్చేవరకు ప్లగ్గులు ఊడదీసి, పానాతోని ఇంజన్‌ను చేత్తో తిప్పుతుండు. ఎక్కడ పట్టలే, సాఫుగ తిరిగింది. అప్పుడు నన్ను తాళం అడిగితే ముడి విప్పి ఇచ్చిన. ప్లగ్గులు లేకుంటనే తిప్పితే ఆ బొక్కలల్ల నుంచి గాలి కొట్టింది గని ఒక్క చుక్క నీళ్లు రాలే. "ఇంజన్ బాగుంది" అన్నడు. మా ఆయన ముఖం జర తేరుకుంది.

మళ్ల ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే గుర్రుమన్నది, డబ్బు డబ్బుమన్నది, ఆగింది. మళ్ల కొడితే మళ్ల గదే.

మా ఆయన గడప మీద కూలవడ్డడు. పక్కింటాయనను మెల్లగ అడిగిండు: "మీ షెడ్డుల సాంచాలు ఖాళీ ఉన్నయానే?"

మిస్త్రీ గీ ముచ్చటేం పట్టించుకోలే. చాయ్ తాగుకుంట బండి ఎనుకకు పోయిండు. "ఒక్కసారి తిప్పు" అని పొగ గొట్టం కాడ అరచెయ్యి పెట్టిండు. "గాలి పీలుస్తుంది గని వదుల్తలేదు" అన్నడు. గొట్టంల బురద గీకి, తీగెను కొక్కెం లెక్క వంచి లోపలికి పెట్టి గుంజిండు. గుడ్డ కొస వచ్చింది. గుంజుతుంటే వస్తనే ఉన్నది, పచ్చటి బార్డర్ గూడ వచ్చింది.

"అది నా చీర!" అన్న.

అప్పుడు అందరం అరుగు మీద కూసున్న మా అత్తను చూసినం. లోకంల దేని మీదనైనా సలహా చెప్పే మనిషి, పొద్దటి సంది మాట లేకుంట మెంతికూర తెంపుతుంది.

సంగతేందంటే, మా ఇండ్లల్ల నీళ్లు వాకిలి కంటే ముందు బాత్రూం మోరీల నుంచి పైకి తంతయ్. గందుకే వాన ముదిరితే ప్రతి ఇంట్ల పాత గుడ్డలు ముద్దచేసి మోరీల కుక్కుతరు. మా అత్త ఇంట్ల మోరీ మూసి, బయటికి పోయి బండిది గూడ మూసింది.

"అమ్మా, బండికి మోరీ ఉంటదానే?" అన్నడు మా ఆయన.

"బొక్కైతే ఉన్నది గదరా! నీళ్లు బొక్కల నుంచే గద వచ్చేది."

"మరి పొద్దటి సంది చెప్పవైతివి?"

"ఎవడన్న అడిగిండా? గింతమంది మగోళ్లు ముంగట నిలవడి ముచ్చట్లు పెడుతున్నరు. ఒక్కడన్న ఎనుకకు పోయి చూసిండా?"

నేను చీర చేతిలకు తీసుకున్న. "అత్తమ్మా, పాత గుడ్డ దొరకలేదా? పండుగకని దాచిన చీర అది."

"ఆ రంగు నీకు నప్పదే. ముఖం మీద చెప్పలేక ఊకున్న" అన్నది.

మళ్ల మిస్త్రీ దిక్కు తిరిగి, "బిడ్డా, నేను మూసినందుకే గద నీళ్లు లోపలికి పోలే?" అని అడిగింది.

ఆయన మా అత్తను చూసిండు, ఖాళీ కప్పును చూసిండు. "అవునమ్మా, అంత నీ పుణ్యమే" అన్నడు. రెండో కప్పు మా అత్తనే పోసింది.

ఈసారి తాళం తిప్పితే బండి నల్లటి పొగ కక్కింది, దగ్గింది, ఇగ ఆగకుంట నడువవట్టింది. మా ఆయనకు తన చెవుల మీద నమ్మకం లేక బానెట్ మీద చెయ్యి పెట్టి, "నడుస్తుందా?" అని నన్ను అడిగిండు. "నడుస్తుంది" అని గట్టిగ ఒర్రిన. ఆయన చెయ్యి మాత్రం తియ్యలే.

ఆయిల్ మార్చి, బ్రేకులు కడిగి, బడి తెరిచిన దినం బండి తీసిండు, నేను గూడ ఎనుక సీట్ల కూసున్న. పిల్లలు ఎక్కుతనే ముక్కులు మూసుకొని, లోపల చేపలున్నయా అని ఒకటే లొల్లి.

"ఏమంటున్నరే?" అన్నడు మా ఆయన అద్దంల నుంచి.

"బండి మంచిగ వాసనొస్తుందట."

"అగర్‌బత్తి పెట్టిన గద" అని మురుసుకుంట గేర్ వేసిండు.