మామిడిచెట్టుకు జమానత్

రాయమల్లు పోయిన నెలకు, ఆయన జ్ఞాపకార్థం ఆయన పెంచిన మామిడిచెట్టును కొట్టించాలని ఆఫీసులో తీర్మానం చేశారు. మీరు చదివింది సరిగ్గానే చదివారు. మళ్లీ వెనక్కి పోనక్కర్లేదు.

హన్మకొండలో అది ఏ సర్కారు ఆఫీసో చెప్పను. చెబితే మొహం మాడ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఆఫీసుకు పెద్దసారు రాజేశ్వర్ రావు. మనిషి మంచివాడే, తోట పెంచిన రాయమల్లంటే ఆయనకు ప్రాణం. అందుకే ఆ మాలి రోజూ కూర్చునే జాగాలోనే సిమెంటు మండపం కట్టించి, దానికి ఆయన పేరు పెట్టాలనుకున్నాడు. ఆ జాగాలో చెట్టుంది. కాబట్టి చెట్టు పోవాలి.

బోరు మోటరు నడిపే వెంకట్రాజం ఈ మాట విని, చేతిలోని పానా కిందపెట్టి సారు గదిలోకి వెళ్లాడు.

"మండపం ఎందుకు సార్?"

"నీడకు. వచ్చినోళ్లు జర కూసుంటరు."

"చెట్టు కింద నీడ ఉన్నది గద సార్."

"ఉన్నది. కాని చెట్టుకు ఓపెనింగ్ ఎట్ల చేస్తం? పేరు రాసిన బండ ఏడ పెడ్తం? నువ్వే చెప్పు."

వెంకట్రాజం బయటికొచ్చి పానా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ చెట్టు కూడా పోతే తనకు ఈ ఆఫీసులో ఎవరూ మిగలరు. పొద్దున వచ్చి మోటరు వేశాక రాయమల్లుతో చెప్పుకునే మాటలన్నీ ఈ నెల రోజులుగా ఆ చెట్టుతోనే చెప్పుకుంటున్నాడు. రేపటినుంచి సిమెంటు స్తంభంతో చెప్పుకోవాలా? ఏం న్యాయమిది?

రాయమల్లు తొర్రూరు దిక్కునుంచి డెబ్బై రెండులో మాలిగా వచ్చాడు. అప్పుడు ఆ ఆవరణలో కంకర, పల్లేరుకాయలు తప్ప ఏమీ లేవు. వచ్చినవాడు పార పట్టలేదు. స్టోరు రూములోంచి చెయ్యి విరిగిన కుర్చీ ఒకటి లాక్కొచ్చి, ఎండ ఎటు జరిగితే అటు జరుపుకుంటూ కూర్చున్నాడు. ఎవరో అర్జీ పెట్టుకోవడానికి వచ్చాడనుకుని గుమాస్తాలు రేపు రమ్మని పంపేవారు. మరునాడు వచ్చి మళ్లీ కూర్చునేవాడు. తీరా తవ్వడం మొదలుపెట్టాక, తను కుర్చీ వేసుకున్న ప్రతి చోటా ఏదో ఒకటి నాటాడు. మల్లె, కనకాంబరం, గన్నేరు, గేటుకూ ఆఫీసు తలుపుకూ సరిగ్గా నడుమ ఒక మామిడి.

దాంతో గేటు దగ్గర నిలబడితే తలుపు ఎదురుగానే కనిపించేది కాని అక్కడికి దారి లేదు. మల్లెపందిరి చుట్టి, మోటరు రూము దాటి, గన్నేర్ల వెనక నుంచి తిరిగి రావాలి. సారు కేకలేశాడు. అయితే కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాడు. ఫిర్యాదుతో ఊగిపోతూ వచ్చినవాళ్లు తలుపు దాకా చేరేసరికి కోపం సగం దిగి, నాలుగు మల్లెలు కోసుకోవచ్చా అని అడుగుతున్నారు. ఆ తర్వాత ఆయన దారి మాటెత్తలేదు.

ఇంకో ఏడు రాయమల్లు గోరింట కంచెను ఏనుగులా కత్తిరించాడు. తొండం మేకలు తిన్నాయి. తనిఖీకి వచ్చిన పై అధికారి దాన్ని చూసి పంది బాగుందన్నాడు. రాయమల్లుకు ఎక్కడ లేని రోషం వచ్చింది.

"ఖిలల ఇరిగిన రాతి ఏనుగులున్నయి, పోయి సూడుండ్రి సార్. వాటికి తొండాలున్నయా? వాటినేమన్న పందులంటానరా?"

ఆ అధికారి నిజంగానే ఖిలా వరంగల్ వెళ్లి చూసొచ్చాడట. ఇది వెంకట్రాజం చెప్పేవాడు. నమ్మాలో లేదో మీ ఇష్టం.

ఇదంతా ఒక ఎత్తు, మామిడిచెట్టు ఒక ఎత్తు. ఏపుగా పెరిగింది కాని ఏళ్ల తరబడి పూత లేదు. కాయని చెట్టును బెదిరించడం పల్లెల్లో ఉన్నదే. ఒకరు గొడ్డలెత్తి నరికేస్తానంటారు. ఇంకొకరు అడ్డం పడి, ఈ ఒక్కసారికి వదిలెయ్యి, వచ్చే ఏడు కాస్తుంది, నాది పూచీ, నాది జమానత్ అని బతిమాలతారు. చెట్టు భయపడి కాస్తుంది. రాయమల్లు గొడ్డలి తెచ్చుకున్నాడు, పూచీకి వెంకట్రాజాన్ని పిలిచాడు. వెంకట్రాజానికి నవ్వాగలేదు.

"నువ్వు పండ్లికిలిస్తె చెట్టు నమ్ముతదారా తమ్మీ? ఏడువు," అని కసిరి, రాయమల్లు ఆయన్ను మోటరు రూములోకి తీసుకెళ్లి ఏడవడం నేర్పించాడు.

మరుసటి ఎండాకాలం చెట్టు కాసింది. ఇక చూడండి, రాయమల్లును పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మోటరు నీళ్లెత్తకపోతే మోటరు మీదికి గొడ్డలి. ఫ్యాను తిరగకపోతే ఫ్యాను మీదికి. వెంకట్రాజం అన్ని చోట్లా అడ్డం పడాల్సిందే, కన్నీళ్లు పెట్టాల్సిందే. ఒకనాడు సారు జీపు మొరాయించింది. రాయమల్లు బానెట్ మీదికి గొడ్డలెత్తాడు, వెంకట్రాజం టైరు పట్టుకుని ఏడ్చాడు, జీపు స్టార్టయింది. వెనక నుంచి నలుగురు తోస్తున్నారన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు. రాయమల్లు ఇంటి దగ్గర గుడ్లు పెట్టని కోడి మీద ఇదే ప్రయోగం చేయబోతే మాత్రం ఆయన భార్య మొగిలమ్మ గొడ్డలి లాక్కుని ఆయన్నే తరిమింది.

అలాంటి మనిషి తోటలోకి, ఆయన పోయిన నెలకు, ములుగు దిక్కునుంచి కట్టెలు కొట్టే కట్టయ్య పొద్దుటి బస్సులో నిజం గొడ్డలితో దిగాడు.

ఆఫీసంతా చెట్టు చుట్టూ చేరింది. సారు చెట్టు మొదలుకు పూలదండ వేయించాడు. మండపానికి ముగ్గు పోయించాడు, రిబ్బన్ కూడా తెప్పించాడు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. తర్వాత సారు తల ఊపాడు, కట్టయ్య గొడ్డలెత్తాడు.

వెంకట్రాజం పోయి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెప్పాలో ముందుగా ఏమీ అనుకోలేదు. ఇన్నేళ్లుగా నోటికి అలవాటైన మాటలే వచ్చాయి.

"అన్నా, ఈ ఒక్క ఏడు ఇడ్శిపెట్టు. వచ్చే ఏడు కాస్తది. నాది జమానత్."

నెత్తి మీద కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. అందరూ తలలెత్తి చూశారు. కట్టయ్య కూడా చూశాడు.

"కాసే ఉన్నది గదనే."

"ఇంకా కాస్తది," అన్నాడు వెంకట్రాజం. ఇంకో మాట ఆయనకు రాదు.

గుమాస్తాలు పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. సారు భుజం తట్టాడు. "ఇయ్యాల మంచిగ చేసినవ్ వెంకట్రాజం. ఇగ పక్కకు జరుగు."

వెంకట్రాజం జరగలేదు, ఏడుస్తున్నాడు. ఈసారి మోటరు రూములో నేర్చుకున్న ఏడుపు కాదది. దాన్ని కట్టయ్య ఒక్కడే గుర్తుపట్టాడు. గొడ్డలి నేల మీద పెట్టాడు.

"నేను కొట్ట సార్. మనిషి జమానత్ ఉన్నడు. జమానత్ ఉన్న చెట్టు మీద గొడ్డలేస్తె ఇంటికి మంచిది గాదు. ఏడాది ఆగాలె."

"ఇది ఉత్త డ్రామా కట్టయ్యా. వీళ్లకు అలవాటే. నా జీపుకు గూడ చేసిండ్రు."

"జీపుకా? నడిచిందా సార్?"

"నడిచింది," అనేసి సారు నాలుక కరుచుకున్నాడు.

"ఇగ ఏమున్నది మరి," అన్నాడు కట్టయ్య.

సారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆఖరికి, తెచ్చిన రిబ్బన్ పాడు చేయడం ఎందుకని చెట్టుకే చుట్టించి, కత్తిరించి, చప్పట్లు కొట్టించుకుని లోపలికి వెళ్లాడు. మండపం వచ్చే ఏటికి వాయిదా పడింది.

బస్సుకు ఇంకా వేళ ఉంది. కట్టయ్య చెట్టు కిందే కూర్చుని బీడీ ముట్టించాడు. వెంకట్రాజం పంపు నీళ్లు చెంబుతో తెచ్చిచ్చి, పక్కనే చతికిలబడ్డాడు.

"నీ జోడు గొడ్డలెత్తేటాయన మంచిగ ఎత్తేటోడా?" అని అడిగాడు కట్టయ్య.

"ఎత్తేటోడు. నాకు నిజంగనే గుండె దడదడమనేది."

"ఏమైంది ఆయనకు?"

"జెరమొచ్చింది. దవాఖానల పోయిండు."

కట్టయ్య పొగ వదిలి, చెట్టు గురించి అడిగినంత మామూలుగా అడిగాడు.

"నువ్వు అడ్డం పోలేదా మరి?"

వెంకట్రాజం రాలిన పిందె ఒకటి తీసి మట్టి తుడిచాడు.

"పోయిన అన్నా. తెల్లందాక మంచం కాడ్నే నిలవడ్డ. ఈ ఒక్క ఏడు ఇడ్శిపెట్టుండ్రి, నాది జమానత్ అని కాళ్లు వట్టుకుందామనే ఉన్న. గొడ్డలి ఎవల చేతిలున్నదో నాకు కనవడలే."