అమ్మ ముఖం మీద ఇంకొకరి నోరు

మా ఇంట్లో అమ్మ కత్తెర పట్టుకుంటే పిన్ని ఊరుకోదు. పాల ప్యాకెట్టు కోయడానికైనా సరే, చేతిలోంచి లాక్కుని, "నీకు కత్తెరిస్తే ఏమవుతుందో చూశాంగా" అంటుంది. అమ్మ కిక్కురుమనదు. ఊళ్లో ఎవరితోనైనా మాటకి మాట అనగల మనిషి, చెల్లెలి దగ్గర మాత్రం పిల్లి అయిపోతుంది. కారణం తెలియనివాళ్లు నవ్వుకుంటారు. నాకు తెలుసు కాబట్టి ఇద్దరి మీదా విసుగే.

పిన్ని కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. కొత్త జోడు ముఖానికి సరిపెట్టడం ఆమె పని. వంకరపోయిన కాడని వేడి ఇసుకలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక వేళ్లతోనే దారికి తెస్తుంది. రోజంతా ఎదురుగా ముఖాలే. పెద్దావిడలు వస్తే కాస్త ఎక్కువసేపు చూస్తుంది. ఇంటికొచ్చాక మొదలు. "ఇవాళ ఒకావిడ నవ్వితే ఒక పక్కకే నవ్వింది. అమ్మ అలా నవ్వేదా అక్కా?" అమ్మ తల ఎత్తకుండా "అందరిలాగే నవ్వేదే" అంటుంది. అందరిలాగే అంటే ఎవరిలాగ?

అమ్మమ్మ బట్టల మిల్లులో పనిచేసేది. బాయిలరు పేలిన రోజు చనిపోయింది. తాతయ్య అంతకుముందే లేడు. అప్పటికి అమ్మకి పదిహేడేళ్లు, పిన్ని ఇంకా తప్పటడుగులు వేస్తోంది. కంపెనీవాళ్లు, ఆ పొద్దున ఆమె అసలు డ్యూటీకే రాలేదన్నారు. రాకపోతే బాయిలరు గదిలో ఎలా పోయిందయ్యా అంటే, దారిన పోతూ తొంగిచూసి ఉంటుందన్నారు. సిగ్గులేకపోతే సరి!

అమ్మ అప్పుడు జిరాక్స్ షాపులో పనిచేసేది. సాయంత్రాలు ఒక టైర్ల షెడ్డులో గిటార్లు మోగించే గుంపుతో తిరిగేది. వాళ్లు వాయించేది సంగీతమని వాళ్లొక్కళ్లే అనుకునేవారట. అందులో డ్రమ్ములు కొట్టినాయన్ని మేం ఇప్పటికీ మోత మామయ్య అనే పిలుస్తాం. వాళ్ల కరపత్రాలన్నీ అమ్మే చేసేది. పంక్ అనే వాళ్ల మోత సంగీతానికి కరపత్రాలు ఇలాగే ఉండాలట: పత్రికల్లోంచి అక్షరాలు ఒక్కొక్కటీ కోసి, చిన్నవీ పెద్దవీ కలిపి వంకరటింకరగా అతికించడం, చిరిగిన అంచులు దాచకుండా జిరాక్స్‌లో నల్లగా కొట్టడం. అందంగా ఉంటే ఎవరూ ఆగి చూడరని అమ్మ సిద్ధాంతం.

కంపెనీ మాట విన్నాక ఆమె అదే పని చేసింది. ఇంట్లో అమ్మమ్మది ఉన్నది ఒక్కటే ఫోటో, స్టూడియోలో తీయించుకున్నది. దాన్ని ముఖం చుట్టూ కత్తిరించి అట్ట మీద అతికించింది. నోరు ఉండాల్సిన చోట, ఏదో పత్రికలో గొంతెత్తి పాడుతున్న ఆడమనిషి నోరు, బారుగా తెరిచినది, పెట్టింది. కింద కోసిన అక్షరాలతో "ఆ రోజు నేను డ్యూటీకొచ్చాను" అని. ముందు ఫోటోని జిరాక్స్ తీసుకుని ఆ కాపీని కోసుకోవచ్చు కదా? పొద్దస్తమానం కాపీలు తీసే మనిషికి, మర్నాడు మిల్లు గేటు దాకా ఊరేగింపు ఉందన్న తొందరలో, ఆ మాటే తట్టలేదు.

ఆ అట్టకి తీసిన జిరాక్స్ కాపీలు పోస్టర్లై ఊరంతా పాకాయి. మిల్లు గేటు మీద, బస్సుల వెనక, పోలీసు స్టేషను ప్రహరీ మీద కూడా. చింపేకొద్దీ కొత్తవి వచ్చాయి. చివరికి కంపెనీ తలొంచి, పేలుడులో చనిపోయినవాళ్ల స్మారకపు రాయి మీద అమ్మమ్మ పేరూ చెక్కించింది. ఈలోగా ఆ అట్ట చేతులు మారి ఎక్కడో పోయింది.

పిన్ని ఆ గోడల మధ్యే పెరిగింది. "అందరి అమ్మలూ పిలుస్తారు, మా అమ్మ అరుస్తుంది" అని బడి నుంచి ఏడుస్తూ వచ్చేదట. పోస్టర్లో కళ్లు రెండు నల్లటి మచ్చలు, బుగ్గలు ఉత్త తెల్ల కాగితం. ఆ మచ్చల వెనక మనిషి ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని పిన్ని కోరిక. చీర అడగలేదు, నగ అడగలేదు, అక్క పెంచినంత కాలం ఇంకేమీ అడగలేదు. అక్కంటే ప్రాణమే, కానీ ఆ ఒక్క విషయంలో క్షమించలేదు.

మొన్న చలికాలంలో మోత మామయ్య షెడ్డు ఖాళీ చేస్తూ, పాత డ్రమ్ముల పెట్టెలో ఆ అట్ట దొరికిందని మోసుకొచ్చాడు. ఆదివారం షాపు సెలవు కాబట్టి పిన్ని ఇంట్లోనే ఉంది.

"మిల్లు యూనియన్ హాల్లో ఫ్రేము కట్టించి పెడదాం. చరిత్రమ్మా ఇది!" అన్నాడు.

పిన్ని దాన్ని ఒళ్లో పెట్టుకుంది. మచ్చలు కావు, నిజంగా కళ్లు. కనుబొమ్మ దగ్గర చిన్న గాటు, బుగ్గల మీద మెత్తటి నీడ. కింద మాత్రం ఆ పాటమనిషి నోరే. దాని అంచుని వేలితో తడిమింది.

"దీనికింద ఖాళీయేగా అక్కా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "కొయ్యలేదే. పైన అంటించానంతే. అమ్మ పెదాల మీద కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు."

"ఇన్నేళ్లూ ఆ ముక్క చెప్పొద్దూ?"

"అట్టే లేనప్పుడు చెప్పి ఏం లాభం? ఇంకా బెంగపెట్టుకుంటావని."

నాకు ఒళ్లు మండింది. కోశావా అని ఒకళ్లు అడగరు, కొయ్యలేదని ఒకళ్లు చెప్పరు, మధ్యలో కత్తెరకి శిక్ష. కానీ పిన్ని అప్పటికే గోరువెచ్చని నీళ్లు తెమ్మంటోంది. అంటించింది మైదా జిగురుతో కాబట్టి తడికి వదులుతుందట.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నావ్? ఆ నోరు తీసేస్తే ఇంక పోస్టరేముంది?" అన్నాడు మోత మామయ్య.

"మీకు వేలకి వేలు కాపీలున్నాయి అన్నయ్యా. ఊళ్లో గోడలన్నీ మీరే తీసుకున్నారు. నాకు ఉన్నది ఇదొక్కటే."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "చేసిందానివి నువ్వు. నువ్వు చెప్పు." అమ్మ లేచి వెళ్లి గిన్నెలో నీళ్లు తెచ్చి చెల్లెలి పక్కన పెట్టింది.

కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తడపడం, ఆగడం, మళ్లీ తడపడం. ఫోటో పొర కూడా లేచిపోతుందేమోనని ముగ్గురం అట్ట మీదికి వంగి చూస్తున్నాం. మోత మామయ్య అయితే చూడలేక గోడవైపు తిరిగాడు. కాసేపటికి ఆ నోరు నిదానంగా ఊడి వచ్చింది.

కింద అమ్మమ్మ నోరు. పెదవి మీద ఒకచోట రంగు పోయింది తప్ప అంతా ఉంది. మూసే ఉంది, కానీ లోపల నవ్వు ఆపుకుంటున్నట్టు.

పిన్ని చూసింది. తన జోడు తీసి తుడుచుకుని చూసింది. వాకిట్లోకి, వెలుతురులోకి పట్టుకెళ్లి చూసింది. తిరిగొచ్చేటప్పటికి ఆమె ముఖం చిన్నబోయి ఉంది.

"చూడగానే గుర్తొస్తుందనుకున్నానే అక్కా. నన్ను ఎత్తుకుని ఉంటుంది కదా, ముద్దు పెట్టుకుని ఉంటుంది కదా. నాలో ఎక్కడో ఉంటుందిలే, చూస్తే పైకొస్తుందిలే అనుకున్నా. ఏమీ రాలేదు. ఎవరో ఆవిడలా ఉంది."

ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. అట్టని అక్క ముందుకి జరిపింది.

"నువ్వు చెప్పు. నీకు తెలుసుగా. ఇలాగే ఉండేదా?"

అమ్మ అట్ట అందుకుంది. పదిహేడేళ్లు ఆ ముఖాన్ని రోజూ చూసిన మనిషి, ఇప్పుడైనా చెల్లెలికి సరైన జవాబు చెబుతుందని నేను ఎదురుచూశాను. అమ్మ చూపు ఆ పెదాల దగ్గర ఆగిపోయింది. కొత్తవాళ్లని చూసినట్టు చూస్తోంది.

"తెలీదే," అంది చివరికి. "నాకు ఆ అరిచేదే గుర్తుంది. కళ్లు మూసుకుంటే అదే వస్తుంది, ఎన్నాళ్లుగానో. నువ్వు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి అనేసేదాన్ని. గుర్తులేదని ఎలా చెప్పను నీకు?"

పిన్ని వచ్చి అక్క పక్కన నేలమీద కూర్చుని, అట్టని ఇద్దరి మోకాళ్ల మీదికీ లాగింది.

"ఇలాగే ఉండేదే," అంది, అక్కకి నేర్పుతున్నట్టు. "చూడు, నవ్వు ఆపుకుంటోంది."