వెనుక కాళ్లకు రెక్కలు

రెక్కలు చేతుల దగ్గరే ఉండాలని ఎవరు చెప్పారు? పక్షులు చెప్పాయా? డైనోసార్లు అప్పుడప్పుడే దుకాణం తెరుస్తున్న కాలంలో, మధ్య ఆసియా కొండల్లో షరోవిప్టెరిక్స్ అనే జీవి ఉండేది. వెనుక కాళ్లకున్న పలచటి తోలును రెక్కల్లా చాచుకుని గాలిలో తేలిపోయేది. దాని ముద్ర ఒక్క రాతిలో దొరికింది. కాలేజీ మెట్లు ఎక్కకుండా లైబ్రరీ బల్ల దగ్గర నేను సంపాదించుకున్న జ్ఞానం ఇది.

మాదాపూర్‌లో మా ఇంటి పై వాటాలో కిరాయికున్న కడప కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇది విని నవ్వాడు.

"ఒక్క రాయిని చూసి ఎట్ల నమ్మేది పెద్దాయనా? అట్లాంటి బల్లి ఉండేదే కాదు."

"బల్లి గాదు, సరీసృపం! నా ఇంట్ల ఉండుకుంట నా జంతువునే లేదంటవా?"

తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్ నాడు అతను ఇంట్లోనే దొరికాడు. మా వీధి మొగదల రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెళ్లిపత్రిక అట్ట, చీపురు పుల్లలు, పతంగి కాగితంతో ఆ జంతువును తయారుచేశాను. అతన్ని కింద నిలబెట్టి మిద్దె మీంచి వదిలాను.

తేలింది! కాళ్ల రెక్కల మీదే తేలింది. కిచిడీ గుండిగ వేడిగాలికి పైకి లేచి, వెనక్కి తిరిగి, సరిగ్గా అతని నెత్తిన వాలింది.

"బొమ్మ ఎగిరింది, అంతే కదా," అన్నాడు దులుపుకుంటూ. ఎంత పొగరు!

ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ గేటు దగ్గర కేక పెట్టింది. "నెత్తిన బల్లి పడె కదరా! పో, తలకు పోసుకో!"

"అమ్మా, అది కాగితం!"

"తోకుంది, నాలుగు కాళ్లున్నాయి. బల్లి కాకుంటే ఏంది?"

వంట చేస్తున్న ఆడవాళ్లు గంటెలు ఆపారు. "అవు బిడ్డా, నెత్తిన పడ్తే మంచిది గాదు. జర తానం చెయ్యి."

ఎన్ని గొడవలున్నా, బల్లి దగ్గర రెండు ప్రాంతాలూ ఒక్కటే.

"పెద్దాయనా, అది బల్లి కాదని నువ్వన్నా చెప్పు!"

సరీసృపం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"ఉండేదే కాదంటివి గద. లేనిదాని గురించి నేనేం చెప్త?"

"ఉండేది పెద్దాయనా, ఉండేది! కాళ్లతోనే ఎగిరేది! కానీ బల్లి కాదు!"

వీధంతా విన్నది. వాళ్లమ్మ మాత్రం వినలేదు. బంద్ వల్ల నీళ్ల ట్యాంకర్ రాలేదు. మా ఇంట్లో మిగిలిన ఒక్క బకెట్ నీళ్లు నేనే మోసుకొచ్చి ఇచ్చాను. చన్నీళ్లే.