సామ్యేలు గిటార్లో పోయిన ట్రెబుల్

2022 వేసవి. నెల్లూరులో గిటార్లు, యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది చర్చిల్లో వాయించేవాళ్లే. సామ్యేలూ అంతే. జువ్వలదిన్నె దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటరు. ఆదివారం చర్చిలో లీడ్ గిటారు. ముప్పై ఐదేళ్లుంటాయి. మామూలుగా నోట్లో మాట రాని మనిషి, గిటారు పట్టుకుంటే మాత్రం ఎవరి మాటా వినడు.

"అన్నా, ట్రెబుల్ పోయినాది. సౌండు దుప్పటి కప్పినట్టు ఉండాది," అన్నాడు.

ట్రెబుల్ అంటే సౌండులో ఉండే సన్నని పదును. ఎలక్ట్రిక్ గిటార్లో తీగల కదలికను పికప్ కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది. ఆ సిగ్నల్ వాల్యూమ్ పాట్ మీదుగా బయటికి పోతుంది. పాట్ అంటే మనం తిప్పే నాబ్ కింద ఉండే రెసిస్టరు. దాని విలువ తక్కువైతే పికప్ మీద భారం పెరిగి ట్రెబుల్ మెత్తబడుతుంది, ఎక్కువైతే నిలుస్తుంది. సామ్యేలు గిటార్లో ఉన్నవి 250కె, అంటే రెండున్నర లక్షల ఓమ్‌లవి. వాయించి చూస్తే నా చెవికి బాగానే ఉంది. కానీ సౌండు విషయంలో కస్టమరుతో వాదించకూడదని నాకో పట్టింపు. వాయించేది అతను, నేను కాదు గదా! 500కె వేసి పంపాను.

మూడు నెలలకు మళ్లీ వచ్చాడు. ఈసారి ఏకంగా ఒక మెగ్, అంటే మొదటిదానికి నాలుగింతలు, వేశాను. టెస్ట్ చేస్తుంటే నాకే పళ్లు జివ్వుమన్నాయి. అతను మాత్రం "ఇప్పుడు కొంచెం తెలస్తా ఉండాదన్నా" అని సంతోషంగా వెళ్లాడు. నేను ఆలోచించాల్సింది అప్పుడే. పని అయిపోయిందనుకుని ఊరుకున్నాను.

క్రిస్మస్ ముందు భార్య మార్తను వెంటబెట్టుకుని మూడోసారి వచ్చాడు. "టోన్ పాట్, కెపాసిటరు రెండూ పీకేయన్నా," అన్నాడు. ట్రెబుల్‌ని తగ్గించే భాగాలవి. అవి కూడా తీసేస్తే ఇక మార్చడానికి గిటార్లో ఏమీ మిగలదు.

అతను గిటారు సంచీ విప్పుతుంటే మార్త గొంతు తగ్గించింది. "చర్చిలో ఆడోళ్లు చెవులు మూసుకుంటా ఉండారన్నా. పండగకి వాయించొద్దని పాస్టరు గారు చెప్పేసినారు. ఆ రోజు నుంచి ఈయన అన్నం కూడా సరిగ్గా తినడం లా."

పక్కనే ఉన్న మనిషికి ఆ మాట అందలేదు. నాకు అప్పుడు అనుమానం వచ్చింది. స్పీకర్లు పరీక్షించే టోన్ జనరేటరు తీసి, నాలుగు వేల హెర్ట్జ్‌కి పెట్టి ఆన్ చేశాను. ఈల లాంటి మోత. మార్త చెవులు మూసుకుంది. ఎదురుకొట్టాయన తొంగి చూశాడు.

సామ్యేలు నా మొహం వైపే చూస్తున్నాడు. "ఆన్ చెయ్యన్నా, ఇంకా ఆలస్యం ఎందుకు?" అన్నాడు.

మార్తకు కన్నీళ్లు ఆగలేదు. ఆమెను చూశాక అతనికీ అర్థమైంది.

పన్నెండేళ్లు చెవులకు ఏమీ పెట్టుకోకుండా కంప్రెసర్ గది మోతలో నిలబడ్డాడు. మాటలు వినపడతాయి, సన్నని శబ్దాలే చచ్చిపోయాయి. పోయింది తిరిగి రాదనీ, మొదట్లోనే ఆ మోతకు దూరమై ఉంటే కొంతైనా మిగిలేదనీ, ఆ తర్వాత చూపించుకున్న చెవుల డాక్టరు చెప్పారట. మొదట్లో అతను వచ్చింది నా దగ్గరికే. ట్రెబుల్ పోయిందని సరిగ్గానే చెప్పాడు. ఎక్కడ పోయిందో చూడకుండా నేను పాట్లు మార్చాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

జనవరిలో ఒక్కడే వచ్చాడు. "పాతవే వేసేయన్నా. నాకు తెలవకపోయినా వినేవాళ్లకి తెలస్తాది గదా," అన్నాడు. వేసిచ్చాను. కాసేపు వాయించి, తల ఎత్తి అడిగాడు.

"బాగుండాదా అన్నా?"

బాగుందన్నాను.

ఇప్పుడు ఎవరైనా ట్రెబుల్ పోయిందంటే ముందు ఇంకో గిటారు చేతికిచ్చి వాయించమంటాను. అందులోనూ వినపడదంటే స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ఏ మోతలో పనిచేస్తున్నావు తమ్ముడూ అని అడుగుతాను. సామ్యేలును అడగాల్సిన పని కూడా లేదు. అతను ఏ మోతలో పనిచేస్తాడో నాకు మొదటి రోజు నుంచే తెలుసు.